కూసిన గుడ్డు

గండికొండ అని ఒకానొక రాజ్యం ఉండేది. ఇప్పుడు వెతికినా కనపడదు, వెతకనక్కర్లేదు కూడా. ఆ రాజ్యాన్ని ఉద్దండ భూపతి ఏలేవాడు. పేరుకు తగ్గట్టు మనిషీ ఉద్దండమే. ఆయన కోటలోంచి అడుగు బయటపెడితే బాకా ఊదేవారు. భోజనానికి కూర్చుంటే ఒకసారి, లేస్తే ఒకసారి నగారా మోగేది. మధ్యలో మారు వడ్డించుకున్నా మోగేదని కొందరంటారు గాని, అది నేను నమ్మను.

ఆ కొలువులో ఒక ఆచారం ఉండేది. కొత్త వస్తువు ఏదైనా వస్తే ముందు రాజు దాన్ని చూసి, తన మాట చెప్పేవాడు. తరువాత అది హోదా వరుసన కిందికి దిగేది. మంత్రి, సేనాపతి, పండితులు, చిన్న ఉద్యోగులు, ఇలా ఒక్కొక్కరూ దాన్ని అందుకుని తమ అభిప్రాయం చెప్పాలి. అభిప్రాయం అంటే ఏముంది, రాజు అన్నదాన్నే ఇంకాస్త పెంచి అనడం. ఒకసారి రాజు ఎవరో తెచ్చిన మామిడికాయ కొరికి, పులుపని ఒప్పుకోవడం ఇష్టం లేక తియ్యగా ఉందన్నాడట. ఆ కాయ వరుస చివరికి చేరేసరికి తేనె కూడా దాని ముందు చేదైపోయింది.

ఆ వరుసలో చివర నిలబడేవాడు సూరప్ప. కొలువులో హాస్యగాడు. చివరివాడికి కష్టం ఎక్కువ. అప్పటికే పదిమందీ పొగిడేసినదాన్ని పదకొండోవాడు కొత్తగా పొగడాలి కదా. సూరప్ప నాలుక చురుకైనది కాబట్టి ఏదో ఒకటి అని రాజును నవ్వించి నెట్టుకొచ్చేవాడు. ఆ నవ్వుమీదే అతని ఇల్లు గడిచేది.

ఏటా కోతలయ్యాక గండికొండ రాజుకూ పొరుగు రాజుకూ కోడిపందెం జరిగేది. ఒక ఏడు ఉద్దండ భూపతి పందేనికి ఒక కాకి రంగు పుంజును మేపాడు. బాదం పప్పు పెట్టించాడు, గంధం పూయించాడు, దానికి వీపున ఒక చిన్న జరీ శాలువా కూడా కప్పించాడు. బరిలోకి దింపారు. ఎదుట పొరుగు రాజు పుంజు మెడ ఈకలు నిక్కించి ఒక్కసారి చూసింది. అంతే, మన పుంజు వెనక్కి తిరిగి పరుగెత్తి, జనం అందరూ చూస్తుండగా నేరుగా వచ్చి ఉద్దండ భూపతి కుర్చీ కింద దూరింది.

ఓడిన పుంజును గెలిచినవాడు పట్టుకుపోవడం పందెం రివాజు. పొరుగు రాజు లేచి, పైపంచె సర్దుకుని, పారిపోయినదాన్ని మా ఇంట్లో వండరు అని చెప్పి వెళ్ళిపోయాడు. ఉద్దండ భూపతికి తల కొట్టేసినట్టయింది. కుర్చీలోంచి లేవాలంటే కిందనున్న పుంజు కనపడుతుంది, లేవకపోతే జనం కదలరు. చాలాసేపు అలాగే కూర్చున్నాడు. ఆ తరువాత చాలాకాలం కొలువు తీర్చలేదు.

చివరికి గరళకంఠ శాస్త్రిని పిలిపించాడు. ఈయన కోళ్ళ శాస్త్రం చదివిన పండితుడు. ఏ రంగు పుంజు ఏ వేళకు గెలుస్తుందో చెబుతాడు, అది ఓడిపోతే ఎందుకు ఓడిపోయిందో అంతకన్నా బాగా చెబుతాడు. తూర్పు సముద్రంలో ఒక దీవి ఉందనీ, అక్కడ ఎర్రమెడ జాతి అని ఒక జాతి పుంజులున్నాయనీ, అవి చస్తాయి గాని వెన్ను చూపవనీ శాస్త్రి చెప్పాడు. దీవివాళ్ళు పుంజును ప్రాణం పోయినా అమ్మరు. గుడ్లు మాత్రం ఓడ వర్తకుల ద్వారా సంపాదించవచ్చు.

రాజు ఖజానా తలుపు తీయించాడు. ఒక వర్తకుడు వెళ్ళి, గాలి అనుకూలించడంతో త్వరగానే తిరిగి వచ్చాడు. బుట్టనిండా ఊక, ఊకలో గుడ్లు. రేవులో బుట్ట అప్పజెబుతూ అతను ఒక్కటే మాట చెప్పాడు. ఇవి సముద్రం మీద ఊగుతూ వచ్చాయి, లోపల సొన ఇంకా కుదురుకోలేదు, ఒక రోజంతా చీకటి గదిలో కదపకుండా ఉంచి ఆ తరువాత పెట్ట కింద పెట్టండి అని.

ఆ మాట రాజుకు చేరింది. మా కోటకు వచ్చిన వస్తువు మేళతాళాలు లేకుండా చీకటి గదిలో పడుండాలా అని రాజు మండిపడ్డాడు. బుట్టను ఏనుగు మీదికెక్కించారు. ముందు నగారాలు, వెనక బాకాలు. కోట గుమ్మం దగ్గర ఫిరంగి పేల్చితే ఏనుగు కూడా ఉలిక్కిపడింది. బుట్టలోని గుడ్ల సంగతి ఎవరు పట్టించుకున్నారు గనుక.

కొలువులో రాజు బుట్టలోంచి ఒక గుడ్డు తీశాడు. అందరూ ఆయన ఏమంటాడా అని చూస్తున్నారు. గుడ్డును చూసి ఏమనాలో ఏ రాజుకైనా ఏం తెలుస్తుంది? కొబ్బరికాయను ఎవరో చెవి దగ్గర ఊపి చూడటం ఎప్పుడో చూసినట్టున్నాడు, ఆ గుడ్డునూ చెవి దగ్గర పెట్టుకుని గట్టిగా ఊపాడు. లోపల గుడగుడమంది. ఏదో ఒకటి అనకపోతే బాగుండదు.

“కూస్తోంది” అన్నాడు రాజు.

గుడ్డు మంత్రి చేతికి వచ్చింది. ఆయనా ఊపి, కూత స్పష్టంగా వినపడుతోందన్నాడు. సేనాపతి ఊపి, కూతతో పాటు రెక్కలు టపటపలాడించడం కూడా విన్నానన్నాడు. గరళకంఠ శాస్త్రి కళ్ళు మూసుకుని ఊపి, కూత తీరును బట్టి ఇది ఎర్ర ఈకల డేగ రంగు పుంజు అవుతుందని తేల్చాడు. అలా అలా దిగి గుడ్డు సూరప్ప చేతికి వచ్చింది.

సూరప్ప ఊపాడు. గుడగుడ తప్ప ఏమీ లేదు. అతనికి గొంతు దాకా నవ్వు వచ్చింది. ఆ నవ్వు అక్కడే నవ్వేసి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. కాని అందరి కళ్ళూ తనమీదే ఉన్నాయి, చివరివాడు కొత్తగా ఏదో అనాలి.

“నాకు కూత వినపడలేదు మహారాజా” అన్నాడు. సభ గతుక్కుమంది. సూరప్ప గుడ్డును మళ్ళీ చెవికి ఆనించి, “పొరుగు రాజును తిడుతున్న తిట్లు మాత్రం వినపడుతున్నాయి. పైకి చెప్పదగ్గవి కావు” అన్నాడు.

రాజు విరగబడి నవ్వాడు. పందెం నాటి తరువాత ఆయన నవ్వడం అదే మొదలు. సూరప్పకు అక్కడికక్కడే పట్టు శాలువా కప్పారు. అంతటితో ఆగలేదు. ఆ తిట్లు రోజూ వినాలని రాజుకు ముచ్చట పుట్టింది. ఇకమీదట ప్రతి ఉదయం ప్రతి గుడ్డునూ వరుసన అందరూ వినాలని ఉత్తరువు వేశాడు.

గుడ్లను అందుకోవడానికి పోలమ్మ వచ్చి పక్కన నిలబడి ఉంది. కోట వెనక కోళ్ళదొడ్డిలో ఆమెదే పెత్తనం. నోరున్న మనిషి. కోళ్ళను తిట్టినంత ధాటిగానూ సిపాయిలను తిట్టేది. రాజు ఆ ఉత్సాహంలో గుడ్డు ఆమె చెవి దగ్గర కూడా ఊపి, “నీకూ వినపడిందా?” అని అడిగాడు. గుడ్డులో గుడగుడ అంటే ఏమిటో ఆమెకు తెలుసు. ఆమె సభలో ఉన్న పెద్దలందరి ముఖాలూ ఒకసారి చూసింది. చూసి, వినపడిందని తలూపింది.

పోలమ్మ గుడ్లను ఒక పెట్ట కింద పెట్టింది. రోజూ ఉదయం రాజు పరివారంతో దొడ్డికి వచ్చేవాడు. పెట్టను లేపడం, గుడ్లను వరుసన ఊపడం, ఒకరు కూత, ఒకరు రెక్కలు, ఒకరు తిట్లు. పెట్ట అందరి చేతులూ పొడిచేది, రాజు చెయ్యి కూడా. అది రోషం గల గుడ్ల పక్కన పడుకోవడం వల్ల వచ్చిన రోషమని శాస్త్రి వివరించాడు.

ఒకనాడు పోలమ్మ సూరప్పను దొడ్డి తడక దగ్గర ఆపింది. “బాబూ, తమరి మాటంటే రాజుగారు సెవి కోసుకుంటారు. ఈ ఊపుడు ఆపమని సెప్పండి. ఇట్టా ఊపితే ఒక్కటీ పిల్లవదు” అంది. సూరప్ప చెబుతానన్నాడు. మర్నాడు వచ్చేసరికి రాజు మంచి హుషారుగా ఉన్నాడు, ఈ పూట ఏం తిట్టిందయ్యా అని ముందే అడిగాడు. సూరప్ప ఒక కొత్త తిట్టు చెప్పాడు. చెప్పవలసింది రేపు చెప్పొచ్చనుకున్నాడు. రేపు కూడా అలాగే అనుకున్నాడు.

పొదిగే గడువు వచ్చింది, దాటింది. ఒక్క గుడ్డూ పగల్లేదు. గడువు దాటి ఇంకో వారం చూశారు. చివరికి శాస్త్రి ఒక గుడ్డు పగలగొట్టిస్తే కుళ్ళు కంపుకు దొడ్డిలో నిలవలేక మంత్రి తలపాగా ముక్కుకు అడ్డం పెట్టుకుని పరుగు తీశాడు. మిగతావీ అంతే.

రాజుకు లోకం తలకిందులైనట్టయింది. ఇక కొత్త గుడ్లు తెప్పించి పుంజుల్ని పెంచేలోగా పందెం వచ్చేస్తుంది. ఎర్రమెడ పుంజులతో వస్తున్నానని పొరుగు రాజుకు కబురు కూడా పెట్టి ఉన్నాడు. ఇప్పుడు మళ్ళీ ఆ కుర్చీ, ఆ జనం. ఎవరో ఒకరి తప్పు కావాలి, తనది తప్ప.

ఆ తప్పును గరళకంఠ శాస్త్రి వెతికి పెట్టాడు. ఓడలో వచ్చిన గుడ్లు ప్రాణంతో ఉన్నాయనడానికి సభంతా సాక్ష్యం, రాజుగారితో సహా అందరూ కూత విన్నారు. ఇవి కుళ్ళిపోయి ఉన్నాయి. కాబట్టి ఇవి ఆ గుడ్లు కావు. అసలువి పోలమ్మ మార్చేసి పొరుగు రాజుకు చేరవేసిందని శాస్త్రి వాదం. వినడానికి ఎంత సాఫీగా ఉందో చూడండి. ఒక అబద్ధం పునాదిగా ఉంటే పైన ఎన్ని అంతస్తులైనా లేస్తాయి.

పోలమ్మను కొలువుకు ఈడ్చుకొచ్చారు. గుడ్లు అవేనని, ఊపి ఊపి లోపల సొన చెదిరిపోయిందని ఆమె మొత్తుకుంది. అంటే కూత వినలేదంటావా, మేమంతా అబద్ధమాడామంటావా అని రాజు గర్జించాడు. ఆ రోజు నువ్వు కూడా విన్నానని తలూపావు కదా అని మంత్రి గుర్తుచేశాడు. అంతటి నోరున్న మనిషి ఆ మాటకు తల వంచుకుంది. ఏమని చెబుతుంది? తలూపిన మాట నిజమే.

రాజు సొత్తు దొంగిలించినవారికి కుడిచెయ్యి తీసెయ్యడం ఆ రాజ్యంలో చట్టం. మర్నాడు ఉదయం సభలోనే అది జరగాలని రాజు తీర్పు చెప్పాడు. తీర్పు కూడా వస్తువే కాబట్టి అది వరుసన కిందికి దిగింది. మంత్రి న్యాయమన్నాడు, సేనాపతి మహా న్యాయమన్నాడు. సూరప్ప వంతు వచ్చేసరికి పోలమ్మ తలెత్తి అతని వంక చూసింది. సూరప్ప గొంతు పట్టేసినట్టు దగ్గి పక్కకు తప్పుకున్నాడు.

ఇంటికెళ్ళి పీట మీద కూర్చున్నాడు గాని ముద్ద దిగలేదు. భార్య అచ్చమ్మ ఏమిటని అడిగితే జరిగిందంతా చెప్పాడు. ఆవిడ విసనకర్ర కింద పెట్టి, “ఇంతకీ నీకేం వినపడింది?” అని అడిగింది.

“ఏమీ వినపడలేదు.”

“మరి ఆ శాలువా?”

సూరప్ప ముద్దను కంచంలోనే వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. నిజం చెప్పేద్దామంటే ఎవరు నమ్ముతారు? సభంతా విన్నామంటుంది, ఒక్క హాస్యగాడు వినలేదంటాడు. పోయేవి రెండు చేతులవుతాయి, అంతే. తన ఒక్కడి మాట చాలదు, సభ మొత్తం మాట కూలాలి. చాలాసేపు తల పట్టుకుని కూర్చుని, చివరికి అచ్చమ్మతో ఏదో అన్నాడు. ఇంకో రోజయితే ఆవిడ నవ్వేదే. ఆ పూట నవ్వలేదు. తెల్లవారగానే లేచి పొయ్యి రాజేసింది.

సభ నిండింది. మధ్యలో చింతమొద్దు, దాని మీద పోలమ్మ కుడిచెయ్యి కట్టేసి ఉంది. పక్కన కత్తి పట్టుకుని సిపాయి. రాజు చెయ్యెత్తబోతుండగా సూరప్ప ఒక బుట్ట పట్టుకుని రొప్పుతూ లోపలికి వచ్చాడు.

“మహారాజా, ఆగండి. అసలు గుడ్డు దొరికింది.”

రాజు సింహాసనం మీంచి సగం లేచాడు. ఎక్కడ, ఎలా అని నాలుగు వైపుల నుంచీ అడిగారు. సూరప్ప బుట్ట కింద పెట్టి, ఊకలోంచి ఒక గుడ్డు తీసి పట్టుగుడ్డ మీద ఉంచాడు. ఎక్కడ దొరికిందో తరువాత మనవి చేస్తాననీ, ముందు ఇది ఆ గుడ్డేనని తేలాలనీ అన్నాడు. తేల్చడానికి కష్టం లేదు, ఆ రోజు కూత విన్న చెవులన్నీ ఇక్కడే ఉన్నాయి. అప్పుడు విన్నవారికి ఇప్పుడూ వినపడుతుంది. వినపడనివారు ఎవరైనా ఉంటే, ఆ రోజు వారు విన్నదేమిటో ఆలోచించవలసి వస్తుంది.

సభలో కొందరు తలపాగాలు సర్దుకున్నారు.

“ఒక్క మనవి” అన్నాడు సూరప్ప. “తీర్పు చెప్పవలసినవారు మహారాజు. సాక్షులందరూ అయ్యాక కదా తీర్పు. కాబట్టి ఈ ఒక్కసారికి వరుస కింది నుంచి పైకి సాగనివ్వండి. నేను తెచ్చినవాణ్ణి గనుక నా సాక్ష్యం పక్కన పెట్టండి, చివర చెబుతాను.”

అది తన గౌరవానికి తగ్గట్టే ఉందని రాజు తలూపాడు. గుడ్డు బయలుదేరింది.

మొదట భాండాగారం చూసే ఉద్యోగి అందుకున్నాడు. ఊపాడు. అతని ముఖం కాస్త మారింది. ఈసారి గుడగుడ కూడా లేదు మరి. పక్కవాళ్ళ వంక చూశాడు. తనకు వినపడలేదంటే ఆ రోజు అబద్ధమాడినట్టు, పైవాళ్ళకు వినపడితే తానొక్కడే దొరికిపోయినట్టు. వినపడుతోందన్నాడు. తరువాతివాడు బాగా వినపడుతోందన్నాడు. ఇంకొకాయన పట్టుకోగానే, వెచ్చగా ఉంది చూశారా, ప్రాణంతో ఉందనడానికి ఇంతకన్నా ఏం కావాలన్నాడు. గరళకంఠ శాస్త్రి కళ్ళు మూసుకుని, అదే జాతి, అదే డేగ, కూతలో మునుపటికన్నా కోపం పెరిగిందని చెప్పాడు. సేనాపతి మళ్ళీ రెక్కలు విన్నాడు. మంత్రి ఊపకుండానే విన్నాడు.

వీళ్ళంతా చదువుకున్నవాళ్ళు, ఇళ్ళలో పిల్లాపాపలున్నవాళ్ళు. ఎదురుగా మొద్దు మీద ఒక మనిషి చెయ్యి ఉంది. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, వినపడలేదని అనలేకపోయారు. ఆ సభను తలచుకుంటే నాకే తల ఎత్తబుద్ధి కాదు.

గుడ్డు సింహాసనం మెట్టు దాకా వచ్చింది. అక్కడ సూరప్ప దాన్ని తన చేతిలోకి తీసుకున్నాడు.

“ఇక మిగిలింది మహారాజు, నేను. ముందు నేను చెబుతాను.” చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. “నాకేమీ వినపడటం లేదు. ఆ రోజు కూడా వినపడలేదు. ఆ తరువాత రోజూ చెప్పిన తిట్లన్నీ ఇంటి దగ్గర అల్లుకొచ్చినవే. మీరు నవ్వితే చాలనుకున్నాను. ఊపడం ఆపించమని ఈ పోలమ్మ నన్ను బతిమాలింది, అదీ మీతో చెప్పలేదు. గుడ్లు చంపింది ఈమె కాదు మహారాజా. అందరం కలిసి ఊపి చంపాం. అందులో నా పాలు ఎక్కువ.”

రాజు ముఖం కందగడ్డ అయింది. “అంటే మేము అబద్ధమాడామంటావా?”

“నా చెవి సంగతి నేను చెప్పాను. మీ చెవి సంగతి చెప్పగలిగినవారు మీరొక్కరే.” సూరప్ప గుడ్డును రెండు చేతులతో పైకి అందించాడు. “ఇది నిజంగా ఏ గుడ్డో నాకు తెలుసు. మీరు చెప్పాక చెబుతాను.”

రాజు గుడ్డు తీసుకున్నాడు. చెవికి ఆనించాడు. ఈసారి ఊపలేదు. కూస్తోందని ఒక్క మాట అంటే చాలు, సభంతా తనవైపే ఉంది, సూరప్ప ఒక్కడే అబద్ధీకుడవుతాడు. ఎంత తేలిక. రాజు పోలమ్మ వంక చూశాడు. ఆమె ఆయన ముఖం చూడటం లేదు. కట్టేసిన తన చేతి వేళ్ళను చూసుకుంటోంది. ఆయనకు ఎందుకో కుర్చీ కింద దూరిన పుంజు గుర్తుకొచ్చింది. చెవులు ఎర్రబడ్డాయి.

“మాకు ఏమీ వినపడటం లేదు” అన్నాడు. చాలా మెల్లగా అన్నాడు, నగారావాడికి కూడా వినపడలేదు.

పోలమ్మ అప్పుడు తలెత్తింది. “ఆ రోజు ఇనపడ్డదా మారాజా?”

“లేదు.”

సూరప్ప ముందుకు వచ్చి, రాజు చేతిలోంచి గుడ్డు తీసుకుని, సింహాసనం మెట్టుకు కొట్టి పెంకు వలిచాడు. ఉడికించిన గుడ్డు. తెల్లగా, నున్నగా, ఇంకా కొద్దిగా ఆవిరి కూడా వస్తోంది.

రాజు ఆ గుడ్డును చూశాడు, డేగ రంగు పుంజని తేల్చిన శాస్త్రిని చూశాడు, రెక్కలు విన్న సేనాపతిని చూశాడు. ఆయన బొజ్జ మెల్లగా కదలడం మొదలైంది. నవ్వు వచ్చింది. అది చూసి మంత్రికి ధైర్యం వచ్చి నవ్వాడు, తరువాత సేనాపతి నవ్వాడు, అలవాటు ప్రకారం నవ్వు వరుసన కిందికి దిగబోయింది.

రాజు చెయ్యెత్తాడు. “మీరెవరూ నవ్వకండి” అన్నాడు.

తానొక్కడే నవ్వాడు. నవ్వి నవ్వి ఉత్తరీయంతో కళ్ళు తుడుచుకున్నాడు. నవ్వు అయిపోయాక కూడా ఆ తుడుచుకోవడం ఇంకాసేపు సాగింది. తరువాత కిందికి దిగివచ్చి పోలమ్మ చేతి కట్టు తానే విప్పాడు. తాళ్ళు విప్పడం అలవాటు లేని చేతులు కదా, ముడి చాలాసేపటికి గాని రాలేదు. సిపాయి సాయం చేయబోతే వద్దన్నాడు. ఆమెకు కోళ్ళదొడ్డితో పాటు దాని పక్కనున్న మెట్ట పొలం కూడా రాసిచ్చాడు. గరళకంఠ శాస్త్రిని ఏడాదిపాటు ఆ దొడ్డి ఊడ్వమన్నాడు.

సూరప్ప మెడలో తన ముత్యాలహారం వేసి, ఇంకేం కావాలో కోరుకోమన్నాడు. ఇకమీదట వరుస ఎప్పుడూ కింది నుంచే సాగాలనీ, రాజు మాట అందరికన్నా చివర రావాలనీ సూరప్ప కోరాడు. రాజు సరేనన్నాడు. అలా ఆ ఆచారం మారింది.

సభ ముగిశాక కోట గుమ్మం దగ్గర పోలమ్మ మణికట్టు రుద్దుకుంటూ నిలబడి ఉంది. సూరప్ప ఆమె ఏదో మంచి మాట అంటుందని ఆశపడ్డాడు. ఆశపడినందుకు తరువాత సిగ్గుపడ్డాడు లెండి.

“నా సెయ్యి కాపాడారు, బాబూ. మీ రుణం ఉంచుకోను” అంది పోలమ్మ. “కానీ ఆ రోజు గుడ్డు సెవికాడ పెట్టుకున్నప్పుడే ఓసారి నవ్వేసుంటే సరిపోయేది గందా. మీరు నవ్వితే నేనూ నవ్వేదాన్ని. మా పెట్ట సచ్చిన గుడ్ల మీద అన్నాళ్ళు తిండి మానుకుని కూకుంది.” చెంగు నడుముకు చెక్కుకుని, “నేనూ తలూపాను. నన్నూ అనుకోవాల” అని దొడ్డివైపు వెళ్ళిపోయింది.

సూరప్ప మెడలోని హారాన్ని చొక్కా లోపలికి తోసుకుని, పక్క సందులోంచి ఇంటికి పోయాడు.

ఆ ఏడు పందేనికి రాలేమని రాజే పొరుగు రాజుకు కబురు పెట్టాడు. ఆ పై ఏడాది దీవి నుంచి మళ్ళీ గుడ్లు వచ్చాయి. ఏనుగు లేదు, నగారా లేదు. ఒక ముసలి బండివాడు నింపాదిగా తోలుకొచ్చాడు. పోలమ్మ వాటిని చీకటి గదిలో విశ్రాంతిగా ఉంచి, తరువాత పెట్ట కింద పెట్టింది. ఒకసారి చూడొచ్చా అని రాజు కబురు పెడితే, అవే బయటికొచ్చాక చూడొచ్చని తిరుగు కబురు పెట్టింది. రాజు ఊరుకున్నాడు. చాలా గుడ్లు చెడిపోయాయి. దూరం నుంచి వచ్చినవి అంతే మరి. కొన్ని పిల్లలయ్యాయి. వాటిలో ఒకటి ఎర్రమెడ పుంజై ఎదిగింది.

ఒక ఉదయం కొలువు తీరి ఉండగా వెనక దొడ్డిలోంచి అది మొదటిసారి కూసింది. కోట గోడలు అదిరేలా కూసింది. సభ మొత్తం మాట మధ్యలో ఆగిపోయింది. మంత్రి తన ఉంగరం చూసుకున్నాడు. సేనాపతి పైకప్పు చూశాడు. రాజు ముఖం ఎర్రబడింది, కాని పక్కకు తిప్పుకోలేదు. వరుస చివరనున్న సూరప్పను చూసి, “ఏమయ్యా, వినపడిందా?” అని అడిగాడు.

“వినపడింది మహారాజా” అన్నాడు సూరప్ప. ఇంకేమీ కలపలేదు.

ఆ పుంజు పందేనికి వెళ్ళిందో లేదో, వెళ్తే గెలిచిందో ఓడిందో చెప్పినవారు లేరు. అది మాత్రం రోజూ సరిగ్గా కొలువు తీరే వేళకే కూసేదట. కూసినప్పుడల్లా సభలో అందరికీ వినపడేది. ఆ కాసేపూ ఎవరూ ఎవరి ముఖమూ చూసేవారు కాదు.